మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టని ఆవిడ

పాఠకుల ప్రశ్నలు – సిస్టరమ్మ జవాబులు

ప్రశ్న: సిస్టర్ గారూ, నమస్తే. మాది విజయనగరం. మా ఇంటి పై పోర్షన్‌లో రెండేళ్ళ కిందట ఒక కుటుంబం అద్దెకి దిగింది. భార్యాభర్తలు, డిగ్రీ చదివే అమ్మాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్ళు. తిత్లీ తుపానులో కొబ్బరితోట పోయాక ఊరు వదిలారట. ఆవిడకి నలభై దాటి ఉంటాయి. వారానికి మూడు రోజులు తెల్లారకముందే తయారై, హ్యాండ్‌బ్యాగ్ తగిలించుకుని ఆటోలో వెళ్ళిపోయేది. పదకొండు దాటాక వచ్చి తలుపేసుకునేది. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టే. కుళాయి నీళ్ళు వచ్చినప్పుడు బిందె కూతురో, మొగుడో ఎత్తాల్సిందే, తను చెయ్యి పెట్టదు. పైడితల్లమ్మ సిరిమాను పండగకి మా ఇంటికి ముప్పై మంది చుట్టాలొచ్చారు. తొలేళ్ళ నాడు, అంటే సిరిమానుకి ముందు రోజు, నేనే మేడెక్కి ఆవిడని పిలిచాను. వచ్చి కూర్చుంది. మంచినీళ్ళిస్తే పెదవి తడిపి గ్లాసు పక్కన పెట్టేసింది. పాయసం వద్దంది. కొబ్బరిబొండం కొట్టించి ఇస్తే "వద్దండీ" అని లేచిపోయింది. చుట్టాల ముందు మా అత్తగారు చిన్నబోయారు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత మా చీటీల గుంపులో నేనే అన్నాను, "మన ఇళ్ళల్లో నీళ్ళు తాగడం ఆవిడకి నామోషీ" అని. తెల్లారకుండా ఎక్కడికి వెళ్తుందో అని ఇంకొకావిడ చెడ్డ మాట అంది. నేను కాదనలేదు.

పోయిన నెల మా మామగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఒక గది అద్దం తలుపులోంచి ఆవిడ కనిపించింది. ఎడమ చేతికి రెండు గొట్టాలు, పక్కన మెషిన్. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఆ సాయంత్రం అమ్మాయి కిందికి దిగి, "అమ్మ ఎవరికీ చెప్పొద్దంది ఆంటీ" అని మెట్ల మీదే చెప్పి వెళ్ళిపోయింది. సరేనన్నాను. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఆవిడ కాళ్ళు పట్టుకుని క్షమించమని అడగాలనుంది. చీటీల వాళ్ళు ఇప్పటికీ ఆ మాటలే అంటున్నారు. నిజం చెప్పేస్తే అందరి నోళ్ళూ మూతపడతాయి. కానీ మాటిచ్చాను. ఏం చెయ్యను?
– ఒక సోదరి, విజయనగరం

జవాబు: తల్లీ, ముందుగా ఒక మాట. నీ ఉత్తరంలో ఆవిడని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. ఆవిడ దాచుకున్న సంగతి ఈ పేజీలోంచి బయటపడితే మనిద్దరం మళ్ళీ అదే తప్పు చేసినవాళ్ళమవుతాం.

నువ్వు చూసినదాంట్లో అబద్ధం లేదు. ఆవిడ నీళ్ళు తాగలేదు, బొండం వద్దంది, బిందె ఎత్తలేదు. ఇవన్నీ నిజాలే. కారణం ఒక్కటి నీకు తెలీదు. ఆ ఖాళీని నీకు కలిగిన అవమానంతో పూరించావు. అత్తగారు చిన్నబోయిన కోపంలో ఎవరికైనా అలాగే తోస్తుంది. మన వైపు ఇంటికొచ్చిన మనిషి మంచినీళ్ళు ముట్టకపోతే ఎంత బాధో నాకు తెలుసు.

ఇప్పుడు ఆ నీళ్ళ సంగతి విను. కిడ్నీలు పూర్తిగా పాడైతే తాగిన నీళ్ళు బయటికి పోయే దారి ఉండదు. చాలామందికి మూత్రం బాగా తగ్గిపోతుంది, కొందరికి రానే రాదు. వారానికి మూడుసార్లు, సుమారు నాలుగేసి గంటలు మెషిన్ మీద పడుకుంటే ఆ నీరు లాగేస్తారు. రెండు డయాలసిస్‌ల మధ్య తాగిందంతా ఒంట్లోనే ఉంటుంది. కాళ్ళు పొంగుతాయి, ఊపిరితిత్తుల్లోకి చేరితే రాత్రి పడుకోలేక కూర్చునే తెల్లారుస్తారు. అందుకే డాక్టరు ఒక్కో మనిషికి ఒక్కో కొలత చెబుతారు. చాలామందికి అది రోజుకి లీటరు, ఇంకా తక్కువ కూడా. టీ, మజ్జిగ, చారు, మాత్ర మింగే గుక్క అన్నీ అందులోనే లెక్క. కవిటి మండలంలో నాకు తెలిసిన ఒక అమ్మ పొద్దున్నే అరలీటరు సీసా నింపి కిటికీలో పెట్టుకునేది. మిగతా కొలత కూరకీ, చారుకీ వదిలేది. మధ్యాహ్నం మూడయ్యేసరికి సీసాలో రెండు వేళ్ళ నీళ్ళుండేవి. వాటిని చూస్తూ కూర్చునేది, తాగేది కాదు. "రాత్రి మాత్రకి కావాలి కదమ్మా" అనేది. నాలుక పిడచకట్టుకుపోతే చిన్న ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా మాట్లాడేది కాదు.

మరి కొబ్బరిబొండం. అందులో పొటాషియం ఎక్కువ. మనలాంటి వాళ్ళకి మంచిదే, కానీ కిడ్నీలు పనిచేయనివాళ్ళకి అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, గుండె ఆగిపోవచ్చు కూడా. ఉద్దానంలో నేను పనిచేసిన ఇళ్ళల్లో ఎవరు వచ్చినా మొదట ఇచ్చేది బొండమే. తన చేత్తో పెంచిన చెట్టు కాయ తనే కొట్టి మనకిచ్చి, మనం తాగుతుంటే మొహం అటు తిప్పుకునే ఇంటి యజమానులని ఎంతమందిని చూశానో. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి ఆ చెట్లని కూకటివేళ్ళతో పెకలించింది. మళ్ళీ నాటిన మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. మందులకీ ఆటోలకీ ఆ తోట మీదే ఆధారపడ్డ ఇల్లు ఊరు వదలక ఏం చేస్తుంది?

పొడుగు చేతుల జాకెట్టు కూడా షోకు కాదమ్మా. డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనీ కలిపి చిన్న ఆపరేషన్ చేస్తారు. ఫిస్టులా అంటారు. కొన్నాళ్ళకి అక్కడ నరం తాడులా ఉబ్బుతుంది. సూదులు గుచ్చిన చోట బుడిపెలు లేస్తాయి. దాని మీద వేలు ఆనిస్తే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. ఆ జుమ్మనడం ఉందో లేదో వాళ్ళు పొద్దున్నే లేచి చూసుకుంటారు. ఉంటే దారి తెరిచి ఉన్నట్టు. ఆ చేత్తో బరువులెత్తకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, బిగుతు గాజులు వేయకూడదు. నువ్వు చూసిన బిందె ఎత్తని చెయ్యి అదే. ఆ చేతిని పండగ ఇంట్లో ముప్పై మంది ముందు బయట పెట్టుకోవాలని ఎవరికుంటుంది?

నాలుగు గంటలు మెషిన్ మీద ఉండి వచ్చాక మెట్లెక్కడమే కష్టం. తలుపేసుకుని పడుకుంటారు.

ఇదంతా నీకు చెప్పే అర్హత నాకు ఊరికే రాలేదు. నేను 1997లో ఉద్దానంలో ఒక సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంని, అంటే పల్లె నర్సుని. అక్కడ ఊరూరా ఉన్న ఈ కిడ్నీ జబ్బు సంగతి మాకు అప్పటికి తెలీదు. జీడిపిక్కల పనికి వెళ్ళే ఒక మనిషి, ముప్పై ఐదేళ్ళుంటాయి, ఒక పొద్దున్న సెంటర్ మెట్ల మీద కూర్చున్నాడు. మొహం ఉబ్బి ఉంది, కళ్ళు సగం మూసుకుపోయాయి, అడుగు తడబడుతోంది. వాకిట్లోనే వాంతి చేసుకున్నాడు. జీడి నూనెకి నల్లబడిన వేళ్ళతో మూతి తుడుచుకుంటూ నన్ను చూసి లేచి నిలబడబోయాడు. నేను ఒక్క చూపుతో తేల్చేశాను, రాత్రి సారా తాగి వచ్చాడని. అతని భార్యని పిలిచి అందరి ముందూ తిట్టాను. మొగుణ్ణి అదుపులో పెట్టుకోలేవా, పిల్లల మొహం చూడవా అని. ఆమె ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. బీపీ మెషిన్ నా సంచిలోనే ఉంది. తీయలేదు.

అతను వర్షాకాలం రాకముందే చనిపోయాడు. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే అతని భార్య గడప మీద కూర్చుని ఉంది. నా మీద కోపంతో చెప్పలేదు, మామూలుగానే చెప్పింది: "నువ్వు తిట్టినావు కదా అమ్మా, ఆ మర్నాటి నుండి ఆస్పత్రికి రానన్నాడు. నర్సమ్మ నన్ను తాగుబోతోడంటాది, నానెల్నన్నాడు. ఆడు సారా ఎప్పుడూ ముట్టలేదు."

ఆ రోజు నేను బీపీ చూసి ఉంటే అతను బతికేవాడని చెప్పలేను. డయాలసిస్ అన్న మాట కూడా ఆ పల్లెకి అందని కాలమది. కానీ ఒక జబ్బు మనిషి మా సెంటర్ మెట్లు ఎక్కడం నా మాట వల్ల మానేశాడు. ఒళ్ళు ఎలా ఉందో చెప్పుకోడానికి ఉన్న ఒక్క తలుపూ నేనే మూశాను. ఇన్నేళ్ళయినా ఆ నల్లటి వేళ్ళు నాకు కనిపిస్తూనే ఉంటాయి. తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్ళూ ఎవరు వచ్చినా ముందు బీపీ చూశాను, మాట తర్వాత.

ఇక ఆవిడ ఎందుకు దాచుకుందో చెబుతాను. నువ్వు నిజం చెప్పేస్తే మంచిదేమో అనుకుంటున్నావు కదా, అందుకే ఇది నీకు తెలియాలి. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల పేరు చెబితే చాలు, సంబంధం వద్దనేవాళ్ళున్నారు. అమ్మాయి ఎలాంటిదని అడగరు, ఆరోగ్యం ఎలా ఉందని అడగరు. ఊరి పేరు విని లేచిపోతారు. ఈ జబ్బు అంటుకునేది కాదు. ఎందుకు వస్తోందో ఇన్నేళ్ళ పరిశోధనలోనూ ఒక్క కారణం తేలలేదు. నీళ్ళన్నారు, నేలన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. వంశధార నీళ్ళని హిరమండలం నుంచి పైపుల్లో తెచ్చారు. డాక్టర్లే ఇంకా వెతుకుతున్నారు. మన వీధి అరుగుల మీద మాత్రం తీర్పు ఎప్పుడో అయిపోయింది: తాగుళ్ళు, తిండి, ఆ ఊరి రక్తం. ఆవిడకి డిగ్రీ చదివే కూతురుంది తల్లీ. ఆ మూడు ముక్కలూ ఆ పిల్ల మీద పడకుండా ఆవిడ దాహాన్నీ, చేతినీ, ఆఖరికి మీ చీటీల గుంపు మాటల్ని కూడా నోరు మూసుకుని భరిస్తోంది.

కాబట్టి చెప్పొద్దు. ఎవరికీ వద్దు. "పాపం, ఆవిడకి ఒంట్లో బాగోదులే" అని కూడా వద్దు. ఆ ఒక్క ముక్క చాలు, మిగతాది వాళ్ళే అల్లేస్తారు.

కానీ ఆ మాట మొదలుపెట్టింది నువ్వు, ఆపాల్సింది కూడా నువ్వే. దానికి కారణం చెప్పక్కర్లేదు. ఈసారి చీటీ పాట రోజున ఎవరైనా ఆవిడ పేరెత్తితే ఇలా అను: "ఆవిడ గురించి నేనన్నది తప్పు. నాకు తెలీకుండా అన్నాను. నా దగ్గర మళ్ళీ ఆ మాట ఎత్తొద్దు." ఎందుకని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. "అంతే" అను. గుచ్చి గుచ్చి అడుగుతారు, నీకేదో తెలుసని నవ్వుతారు. ఓర్చుకో. చెడ్డ మాట అన్న ఆవిడకి మాత్రం విడిగా, మొహం మీదే చెప్పు, నువ్వు ఆ రోజు కాదనకపోవడం నీ తప్పని. అది మిగతావాటికన్నా కష్టం, నాకు తెలుసు. అయినా చెయ్యాలి.

అత్తగారి సంగతి నీకే బాగా తెలుస్తుంది. పెద్దావిడ గుండెలో మాట దాచుకోగలదనుకుంటే, పై పోర్షన్ ఆవిడ అనుమతి అడిగాక చెప్పు. లేకపోతే "ఆవిడ మనల్ని తక్కువ చేయలేదు అత్తయ్యా, నాది పూచీ" అని ఊరుకో.

ఇక కాళ్ళు పట్టుకోవడం. వద్దమ్మా. నువ్వు వెళ్ళి ఏడిస్తే నీ గుండె బరువు దిగుతుంది, ఆవిడకి ఎక్కుతుంది. నువ్వు వెనక ఏమన్నావో ఆవిడకి తెలియకపోవచ్చు కూడా. అదంతా విప్పి చెప్పి, నిన్ను ఓదార్చే పని ఆవిడ మీద పెట్టకు. ఒకసారి మేడెక్కి, గుమ్మంలోనే నిలబడి, "నా నోట్లోంచి ఆ సంగతి బయటికి పోదు" అని చెప్పు. ఆ అద్దం తలుపు రోజు నుంచి ఆవిడకి ఉన్న టెన్షన్ అదొక్కటే. అన్న మాటలు తనకి తెలుసని ఆవిడే అంటే, అప్పుడు "తప్పయిపోయింది" అను, ఒక్కసారి. ఎన్నేళ్ళ నుంచి, ఎవరి వల్ల, ఎంత ఖర్చు అని ఏదీ అడగొద్దు. ఆవిడ చెబితే విను.

తర్వాత మామూలుగా ఉండు. కుళాయి వచ్చినప్పుడు నీ బిందెతో పాటు వాళ్ళదీ ఎత్తి మెట్ల మీద పెట్టు, ఏమీ అనకుండా. జాలి చూపులు వద్దు. పథ్యం అంటూ వండి పంపొద్దు, ఒక్కొక్కరికి ఒక్కో కొలత, మన మంచితనం వాళ్ళ రక్తపరీక్షలో తేలుతుంది. వచ్చే పండగకి పిలవకుండా మాత్రం ఉండొద్దు. పిలువు. చుట్టాలందరికీ పెద్ద గ్లాసులతో నీళ్ళిచ్చేటప్పుడు ఆవిడకి చిన్న స్టీలు గ్లాసులో ఒక ఐసు ముక్క వేసి చేతికివ్వు. కుడి చేతికి.

*

ప్రశ్న: మేడమ్, మా పక్క ఇంట్లో రాత్రిళ్ళు భార్యని కొడుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆమె అరుపు స్పష్టంగా వినిపిస్తుంది. మా నాన్నగారు "ఎవరి కాపురం వాళ్ళది, సగం తెలిసి మాట్లాడకూడదు" అంటారు. మీరూ ఎదుటివాళ్ళ మీద తీర్పులు వద్దనే అంటుంటారు కదా?
– ఒక యువకుడు, శ్రీకాకుళం

జవాబు: నాన్నా, ఇది వేరు. వాళ్ళ కాపురంలో తప్పెవరిదని నిన్నెవరూ అడగట్లేదు. దెబ్బ పడుతోంది, మనిషి అరుస్తోంది, ఇంతకన్నా తెలియాల్సింది లేదు. వెంటనే వెళ్ళి తలుపు కొట్టు, ఒక్కడివే కాదు, ఇద్దరు ముగ్గురిని తీసుకుని. పంచదార కావాలనో, కరెంటు పోయిందా అనో అడుగు. ఆ క్షణానికి చెయ్యి ఆగుతుంది. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే 112కి ఫోన్ చెయ్యి. మహిళల సహాయం కోసం 181 ఉంది, రాత్రైనా పగలైనా. పగటిపూట ఆమె ఒంటరిగా కనిపించినప్పుడు మీ అమ్మగారి చేత ఆ నంబరు చెప్పించు. ఆమె "ఏమీ లేదండీ" అంటే వాదించొద్దు. నంబరు గుర్తుంటే చాలు. మీ నాన్నగారికి నా నమస్కారాలు. ఆయన అన్న మాట వేరే చోట మంచి మాటే.

*

ప్రశ్న: సిస్టరమ్మా, మాది ఎచ్చెర్ల మండలం సముద్రం ఒడ్డు ఊరు. మా బావ గుజరాత్‌లోని వేరావల్ బోటుకి వెళ్ళి మూడు నెలలైంది. ఇరవై రోజులకో సారి ఫోన్ చేస్తాడు, రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తాడు. అక్కడే ఎవర్నో చూసుకున్నాడని ఊళ్ళో అంటున్నారు. మా అప్ప తిండి మానేసింది.
– ఒక చెల్లెలు

జవాబు: వేరావల్ బోటు ఒకసారి లోపలికెళ్తే రోజుల తరబడి ఒడ్డుకి రాదమ్మా. ఒడ్డు దాటాక సిగ్నల్ ఉండదు. రేవుకి వచ్చిన రోజు చేపలు దించాలి, ఐసు ఎక్కించాలి, వలలు చూసుకోవాలి, మళ్ళీ బయలుదేరాలి. ఆ మధ్యలో దొరికిన రెండు నిమిషాలు మీకే ఇస్తున్నాడు. మన ఒడ్డున పని లేకే కదా అంత దూరం వెళ్ళింది. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకి వెళ్ళిన మన మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్ళ చేతికి చిక్కారు. అందులో మీ మండలం వాళ్ళూ ఉన్నారు. వాళ్ళు మళ్ళీ దేశంలో అడుగుపెట్టింది 2020 జనవరిలో. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు మీ చుట్టుపక్కలే ఉంటారు. మీ అప్పని ఒకసారి అక్కడికి తీసుకెళ్ళు, ఆ పదమూడు నెలలు ఫోన్ కోసం ఎలా చూశారో వాళ్ళు చెబుతారు. జూన్, జూలైల్లో అటు తీరంలో వేట బంద్. సీజన్ అయ్యాక మనిషే వస్తాడు. అప్పుడు ఏం అడగాలన్నా ఎదురుగా కూర్చుని అడగొచ్చు.

ఈసారి ఫోన్ మోగితే అప్పనే ఎత్తమను. ఇన్నాళ్ళూ ఏమైపోయావని మొదలుపెట్టొద్దను. అన్నం తిన్నావా అని అడగమను. రెండు నిమిషాలే కదా.